అవధాన సమస్యాపూరణం – అంతర్దృష్టి: నూజివీడు, తిరువూరు సీమ నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
అవధానాన్ని ధారణాశక్తికి నిదర్శనంగా చూడడం తెలుగు విమర్శలో బలపడిన అలవాటు. ధారణకు ముందే జరిగే సమస్యాపరిష్కారం ఆ అలవాటు వల్ల మరుగున పడింది. నూజివీడు, బందరు, తిరువూరు ప్రాంతాల అవధాన చరిత్రను నేపథ్యంగా గ్రహించి, సమస్యాపూరణంలోని ఆలోచనా ప్రక్రియను మనోవిజ్ఞానంలోని అంతర్దృష్టి సిద్ధాంతాలతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పదచ్ఛేదం, పూర్వపాద సంయోగం, సందర్భ కల్పన అనే మూడు పూరణ మార్గాలు మూడు వేర్వేరు స్థాయిల పునర్నిర్మాణాన్ని కోరుతాయని, కనుక పూరణలన్నిటినీ ఒకే కొలతతో తూచడం సరికాదని ఇందులో ప్రతిపాదింపబడింది.

కీలకపదాలు: అవధానం, సమస్యాపూరణం, అంతర్దృష్టి, పదచ్ఛేదం, ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం, నూజివీడు, తిరువూరు.

1. ప్రవేశిక

అవధానసభ ముగిసిన తరువాత శ్రోతలు ఎక్కువగా చెప్పుకొనేది ధారణను గురించే. అన్ని పద్యాలనూ తడబాటు లేకుండా అప్పగించిన అవధానిని 'ఎంత జ్ఞాపకశక్తి!' అని మెచ్చుకుంటారు. అవధానాన్ని నిరసించే ఆధునిక విమర్శకులు సైతం ఈ దృష్టితోనే దానిని కసరత్తు అంటారు. ప్రశంస, నిరసన రెండూ ధారణ దగ్గరే ఆగిపోతున్నాయి. ధరించడానికి ముందు పద్యం పుట్టాలి. అది అసంగతంగా కనిపించే ఒక పాదానికి సంగతమైన అర్థం సమకూర్చి పుట్టాలి. ఆ అర్థం ఎలా స్ఫురిస్తుందన్న ప్రశ్న సాహిత్యచరిత్రకూ మనోవిజ్ఞానానికీ ఉమ్మడిది.

సమస్యాపూరణం ప్రాచీనమైన విద్య. వాత్స్యాయనుడు కామసూత్రాలలో పేర్కొన్న చతుష్షష్టి కళలలో కావ్యసమస్యాపూరణం ఒకటి. రాజసభల్లోని వినోదంగా, కవుల పరీక్షగా సాగిన ఈ కళకు తెలుగునాట అవధానం స్థిరమైన వేదిక అయింది. నిషిద్ధాక్షరి, దత్తపది, వర్ణన, ఆశువు, అప్రస్తుతప్రసంగం మొదలైన అంశాల నడుమ సమస్యకు ఎప్పుడూ ప్రధానస్థానమే లభించింది.

2. సీమ – విద్య – చరిత్ర

తిరువూరు ప్రస్తుతం ఎన్టీఆర్ జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రం. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందు అది కృష్ణా జిల్లాలో నూజివీడు రెవెన్యూ డివిజన్‌కు చెంది ఉండేది. ఆ పునర్విభజనతో నూజివీడు ఏలూరు జిల్లాలో చేరగా బందరు కృష్ణా జిల్లాలోనే నిలిచింది. ఒకే జిల్లాలో వికసించిన అవధాన చరిత్ర ఈనాడు మూడు జిల్లాల పటంలో వెదకవలసినదిగా మారింది.

ఈ చరిత్రలో మొదట చెప్పవలసిన పేరు మాడభూషి వేంకటాచార్యులది. నూజివీడుకు చెందిన ఈ కవి 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో అవధానాలు చేసి ప్రసిద్ధి పొందారు. ఆధునిక కాలపు తెలుగు అవధానానికి ఆద్యులలో ఒకరిగా ఆయనను సాహిత్యచరిత్రలు పేర్కొంటాయి.

తరువాతి ఘట్టం తిరుపతి వేంకట కవులది. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) కడియెద్దలో చర్ల బ్రహ్మయ్యశాస్త్రి వద్ద శాస్త్రాధ్యయనం చేసిన సహాధ్యాయులు. వారు అవధానాన్ని సంస్థానాల గడప దాటించి ఊరూరా నడిపించారు. వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూలులో తెలుగు పండితులుగా పనిచేయడం, విశ్వనాథ సత్యనారాయణ వంటివారు ఆయన శిష్యులు కావడం సుప్రసిద్ధం. కొప్పరపు సోదర కవులతో వారికి సాగిన వివాదాలు సమస్యలను మరింత కఠినం చేశాయి. పోటీ ఉన్నచోట పృచ్ఛకుడు సులభమైన సమస్య ఇవ్వడు.

మూడవ ఘట్టం తిరువూరు పొరుగుదే. తిరువూరు శాసనసభ నియోజకవర్గంలోని గంపలగూడెం మండలానికి చెందిన నెమలి గ్రామం రాళ్లబండి కవితాప్రసాద్ (1961–2015) జన్మస్థలం. అవధానిగా, కవిగా, రాష్ట్ర సాంస్కృతిక శాఖ సంచాలకులుగా ఆయన సుపరిచితులు. అవధానం చేయడంతో తృప్తి చెందక, ఆ విద్య ఆరంభవికాసాలపై పరిశోధన కూడా చేశారు. విద్యను ప్రదర్శించే వ్యక్తే దాని పరిశోధకుడు కావడం గమనించదగిన మలుపు. నూజివీడులో సంస్థాన సంస్కృతి నీడలో పెరిగిన విద్య, బందరులో పాఠశాల వరకు వచ్చి, నెమలిలో పుట్టిన అవధాని చేతిలో విశ్వవిద్యాలయ పరిశోధన విషయమైంది. అయితే అవధాని మనస్సులో జరిగేదేమిటన్న ప్రశ్నకు తగిన పరిభాష సాహిత్య పరిశోధనలో ఇంకా స్థిరపడలేదు. ఆ పరిభాష మరొక శాస్త్రంలో రూపొందింది.

3. అంతర్దృష్టి: భావపరిణామం

1913లో టెనెరిఫ్ దీవికి చేరిన జర్మన్ మనోవిజ్ఞాని వోల్ఫ్‌గాంగ్ కోలర్ అక్కడ చింపాంజీలపై చేసిన పరిశీలనలను 1917లో ప్రకటించాడు. సుల్తాన్ అనే చింపాంజీ పొట్టి కర్రలు రెండింటిని ఒకదానిలో ఒకటి దూర్చి, అందని పండును అందుకొన్న వృత్తాంతం ప్రసిద్ధం. ప్రయత్నదోష పద్ధతిలో మెల్లగా కుదిరే అభ్యసనానికి భిన్నంగా, పరిస్థితి మొత్తం ఒక్కసారిగా కొత్త రూపంలో కనిపించడాన్ని కోలర్ అంతర్దృష్టిగా వివరించాడు. గెస్టాల్ట్ సంప్రదాయంలో దీనికే పునర్నిర్మాణమని పేరు.

1926లో గ్రాహం వాలస్ సృజనాత్మక ఆలోచనకు సన్నాహదశ, గుప్తదశ, స్ఫురణదశ, నిర్ధారణదశ అనే నాలుగు దశలను చెప్పాడు. 1931లో నార్మన్ మేయర్ రెండు తాళ్ల సమస్యతో, 1942లో అబ్రహాం లూచిన్స్ నీటిజాడీల లెక్కలతో, 1945లో ఆంగ్లంలో వెలువడిన గ్రంథంలో కార్ల్ డంకర్ కొవ్వొత్తి సమస్యతో ఒకే విషయాన్ని వేర్వేరు కోణాల నుంచి చూపించారు. మనిషిని అడ్డగించేది చాలాసార్లు తెలియనితనం కాదు, తెలిసినదానికి అతుక్కుపోవడం. మేకులు ఉన్న పెట్టె మేకుల పెట్టెగానే కనిపిస్తుంది. కొవ్వొత్తిని నిలిపే పీటగా అది కనిపించాలంటే మొదటి చూపు సడలాలి.

1992లో స్టెల్లన్ ఓల్సన్, 1999లో గుంథర్ నోబ్లిక్, ఓల్సన్, వారి సహపరిశోధకులు ఈ సడలింపును రెండు ప్రక్రియలుగా విడదీశారు. మొదటిది నిబంధన సడలింపు: సమస్యలో లేకపోయినా పరిష్కర్త తనంతట తాను విధించుకొన్న షరతును వదలడం. రెండవది ముద్ద విచ్ఛేదం: అలవాటు వల్ల ఒకే ముద్దగా కనిపించేదాన్ని భాగాలుగా విడగొట్టడం. అగ్గిపుల్లలతో పేర్చిన రోమన్ అంకెల సమీకరణాలపై వారు ప్రయోగాలు చేశారు. విడివిడి పుల్లలుగా కనిపించే అంకెను మార్చడం సులభం. పదిని సూచించే గుర్తువంటి గట్టి ముద్దను విడదీసి అయిదుగా మార్చడం కష్టం. దాని భాగాలకు విడిగా అర్థం లేకపోవడమే అందుకు కారణం.

పదచ్ఛేదంతో పరిచయం ఉన్న తెలుగు పాఠకుడికి ఈ రెండవ ప్రక్రియ కొత్తది కాదు.

4. పదచ్ఛేదం: ఒక ఉదాహరణ

ప్రసిద్ధ పూరణలు పాఠకులకు ముందే తెలిసి ఉంటాయి. తెలిసిన పరిష్కారంలో స్ఫురణను పరిశీలించడం కుదరదు. అందుచేత ఈ చర్చకోసమే కూర్చిన ఒక తేటగీతి పాదాన్ని తీసుకోవడం మేలు:

*బోయ తలపాగ నిద్దుర పోయె నపుడు*

పైకి కనిపించే అర్థం బోయవాని తలపాగ నిద్రపోయిందని. అచేతనమైన తలపాగకు నిద్ర పొసగదు. తలపాగకు చైతన్యం కల్పించే దారులు వెదికినంతసేపు ఆలోచన ముందుకు సాగదు. లూచిన్స్ జాడీల లెక్కల్లో పాత సూత్రాన్నే పట్టుకొని వేలాడినవారి స్థితి ఇదే. 'తలపాగ' అనే ముద్ద పగిలినప్పుడు దారి తెరుచుకొంటుంది. తలపు + ఆగ. ఉకారసంధి. అపుడు 'బోయ' సంబంధార్థాన్ని వదలి కర్త అవుతుంది:

*అడవిఁ దిరుగుచుఁ బగలెల్ల నలసి సొలసి*
*చెట్టు నీడను దనువును జేర్చి యంత*
*వేట చింతలు మెల్లగా వీడిపోవ*
*బోయ తలపాగ నిద్దుర పోయె నపుడు*

ఇక్కడ రెండు మార్పులు ఒకేసారి జరిగాయి. పదం విడిపోయింది, 'బోయ' అనే పదానికి వాక్యంలో పాత్ర మారింది. మొదటిది ముద్ద విచ్ఛేదం, రెండవది నిబంధన సడలింపు. ఒకటి జరగనిదే రెండవది ఫలించదు.

ఈ ముద్ద ఎంత గట్టిదో గమనించాలి. 'తలపాగ' పదానికి సహజమైన అతుకు 'తల', 'పాగ' నడుమ ఉంది. కావలసిన అతుకు 'పా' అనే ఒకే అక్షరం లోపల ఉంది. తెలుగు లిపిలో అక్షరం విడదీయరాని ఏకాంశం. 'పు'లోని ఉకారం లోపించి ఆకారం వచ్చి చేరిన చోటు కంటికి కనిపించదు. రోమన్ అంకెలోని గట్టి ముద్దకు ఇది సరైన తెలుగు సమాంతరం. పూర్వ లేఖన పద్ధతిలో 'తలఁపు' అని అరసున్నతో రాసేవారు. రాతలో ఆ గుర్తు రహస్యాన్ని బయటపెట్టేది. అవధానంలో సమస్య చెవికి చేరుతుంది గనుక ఆ ఆధారమూ ఉండదు. సంధి సూత్రాలను ఏళ్ల తరబడి అభ్యసించినవాడికి మాత్రం అక్షరం లోపలి అతుకు వినిపిస్తుంది.

5. మూడు మార్గాలు, మూడు స్థాయిలు

సమస్యలను పూరించే మార్గాలు అనేకం ఉన్నా, ఆలోచనలో జరిగే మార్పును బట్టి వాటిలో మూడింటిని ప్రధానంగా గుర్తించవచ్చు.

*పదచ్ఛేదం:* పై ఉదాహరణ దీనికి చెందుతుంది. పాదంలోని అక్షరాలు మారవు, పదాలు మారతాయి. పునర్నిర్మాణం లోతైనది ఇక్కడే.

*పూర్వపాద సంయోగం:* మూడవ పాదం చివర నిలిపిన అక్షరం సమస్యలోని మొదటి పదంతో కలిసి కొత్త పదం కావడం. సమస్య 'హారము' అనే పదంతో మొదలై, దానిని తిన్నారని చెప్పిందనుకొందాం. ముందు పాదాన్ని 'ఆ'తో ముగిస్తే అది ఆహారమై అసంగతత్వం తొలగిపోతుంది. 'వి' చేరితే విహారం, 'సం' చేరితే సంహారం. ఇక్కడ విడగొట్టవలసిన ముద్ద ఏదీ లేదు. సమస్య తన పాదంతోనే మొదలవుతుందన్న భావనను వదలాలి. సమస్యలో ఎక్కడా చెప్పని ఈ హద్దును పరిష్కర్తే గీసుకొన్నాడు. ఇది నిబంధన సడలింపు.

*సందర్భ కల్పన:* సమస్యలోని అర్థాన్ని ఏమాత్రం మార్చకుండా, దానిని ఉన్మత్తుడి మాటగానో, కలలో చూసిన దృశ్యంగానో, నాటకంలోని సంభాషణగానో చెప్పడం. ఇది ఎప్పుడూ అందుబాటులో ఉండే మార్గం. దాదాపు ఏ సమస్యకైనా పనికివస్తుంది గనుక ఇందులో స్ఫురణకు అవకాశం తక్కువ. అవధాని దీనిని ఆశ్రయించినప్పుడు సహృదయ సభ అంతగా పులకించకపోవడానికి కారణం అదే. కల్పించిన సందర్భం కొత్తదైతే మాత్రం కవిత్వపరంగా దీనికీ విలువ ఉంటుంది.

అశ్లీలం ధ్వనించే సమస్యలను ఈ దృష్టితో చూస్తే ఒక విషయం తెలుస్తుంది. పైఅర్థం ఎంత తీవ్రమైనదైతే అది మనస్సును అంతగా పట్టి ఉంచుతుంది. పృచ్ఛకుడి కొంటెతనంగా కనిపించేది నిజానికి పరిష్కర్తను మొదటి చూపులో బంధించే ఉపాయం. దాని నుంచి సభామర్యాదకు తగిన అర్థాన్ని వెలికితీయడం ఆ బంధాన్ని తెంచుకోవడమే.

ఛందస్సు ఇక్కడ అడ్డంకిగా కనిపిస్తూనే సహాయం చేస్తుంది. సమస్యాపాదం ఇచ్చిన క్షణంలోనే వృత్తం నిర్ణయమవుతుంది. ప్రాసనియమం ఉన్న పద్యమైతే మిగిలిన పాదాల రెండవ అక్షరం కూడా నిర్ణయమవుతుంది. వెదకవలసిన పదాల రాశి ఒక్కసారిగా కుదించుకుపోతుంది. హద్దు లేని వెదుకులాట కంటే హద్దులో వెదుకులాట త్వరగా ఫలిస్తుంది. ప్రాసకోసం వెదుకుతుండగా తగిలిన పదమే అర్థానికి దారి చూపడం కూడా సంభవమే.

6. ఆవృత్తులు – గుప్తదశ

వాలస్ చెప్పిన గుప్తదశలో పరిష్కర్త సమస్యను పక్కన పెట్టి మరొక పనిలో పడతాడు. అవధానంలోని ఆవృత్తుల క్రమం ఇటువంటి ఎడాన్ని సహజంగానే కల్పిస్తుంది. సాధారణ పద్ధతిలో అవధాని ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం చెబుతాడు. అష్టావధానంలో ఒక పృచ్ఛకుడి వద్దకు తిరిగి వచ్చేలోపు ఏడుగురు, శతావధానంలో తొంభై తొమ్మిదిమంది మధ్యలో ఉంటారు.

ఈ ఎడాన్ని గుప్తదశగా చెప్పడానికి ఒక అభ్యంతరం ఉంది. మొదటి పాదాన్ని మొదటి ఆవృత్తిలోనే చెప్పాలి. అది చివరి పాదంతో అన్వయించాలి. కాబట్టి పరిష్కారం చాలావరకు మొదటి పాదానికి ముందే స్ఫురించి ఉండాలి. ఈ దృష్టిలో తరువాతి ఆవృత్తులు వాలస్ చెప్పిన నిర్ధారణదశకు చెందుతాయి: స్ఫురించిన అర్థాన్ని గణాలలో, యతిలో, అన్వయంలో నిలబెట్టే పని. ఎటు తిప్పినా అన్వయించే సాధారణ వర్ణనతో మొదటి పాదాన్ని ఆరంభిస్తే మాత్రం పరిష్కారాన్ని వాయిదా వేయడానికి వీలుంటుంది. అప్పుడు నడుమ వచ్చే నిషిద్ధాక్షరి, వర్ణన, ఘంటాగణనం గుప్తదశకు తావిస్తాయి.

అప్రస్తుతప్రసంగం పాత్ర కూడా పునఃపరిశీలించదగినది. అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడానికే అది ఏర్పడిందని సాధారణ వివరణ. ధారణ విషయంలో అది నిజం. అయితే తప్పుదారిలో బిగుసుకుపోయిన ఆలోచనకు కొద్దిపాటి చెదురు మేలు చేయవచ్చునని గుప్తదశపై సాగిన పరిశోధనలు సూచిస్తాయి. ఒకే అంతరాయం ధారణకు విఘ్నమై, స్ఫురణకు ఉపకారం కావడం అవధాన నిర్మాణంలోని విశేషం.

7. ప్రతిభా, అభ్యాసమా?

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఎదురవుతుంది. పూరణ మార్గాలు ముందే తెలిసి, వందలాది సమస్యలతో అభ్యసించినవాడు చేసేది అంతర్దృష్టి ఎలా అవుతుంది? అది నేర్చిన ఉపాయాన్ని అన్వయించడం మాత్రమే కదా!

మనోవిజ్ఞానంలోనూ ఇదే వివాదం నడిచింది. 1981లో రాబర్ట్ వైస్‌బర్గ్, జోసెఫ్ ఆల్బా తొమ్మిది చుక్కల సమస్యను పరీక్షించారు. గీతలు చుక్కల చదరం దాటి వెళ్లవచ్చునని చెప్పినా చాలామందికి పరిష్కారం దొరకలేదు. అడ్డు తొలగితే చాలు, దారి దానంతట అదే కనిపిస్తుందన్న గెస్టాల్ట్ వాదం దీనితో బలహీనపడింది. పూర్వజ్ఞానం, సాధన అవసరమని వారి వాదం. 1987లో జానెట్ మెట్‌కాఫ్, డేవిడ్ వీబ్ మరొక వైపు నుంచి పరిశీలించారు. పరిష్కారానికి ఎంత దగ్గరయ్యారో ఎప్పటికప్పుడు అంచనా వేయమని వ్యక్తులను అడిగారు. సాధారణ గణిత సమస్యల్లో ఆ అంచనా మెల్లగా పెరుగుతూ వచ్చింది. అంతర్దృష్టి సమస్యల్లో చివరి క్షణం వరకు తక్కువగానే ఉండి హఠాత్తుగా పెరిగింది. సాధన అవసరమన్నదీ నిజమే, ఆకస్మికతా నిజమే.

భారతీయ అలంకారశాస్త్రం ఈ చర్చను ఎన్నో శతాబ్దాల ముందే ఎత్తుకొంది. శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కలిసి కావ్యానికి ఒకే హేతువని మమ్మటుడు నిర్ణయించాడు. జగన్నాథ పండితరాయలు ప్రతిభను మాత్రమే హేతువుగా అంగీకరించి, వ్యుత్పత్తి అభ్యాసాలను ప్రతిభకు కారణాలలో చేర్చాడు. ఈ రెండవ మతం సమస్యాపూరణానికి చక్కగా సరిపోతుంది. అభ్యాసం నేరుగా పూరణను ఇవ్వదు. పూరణ స్ఫురించగల మనస్సును తయారుచేస్తుంది. పదచ్ఛేదమనే మార్గం తెలిసినంత మాత్రాన 'తలపాగ'లోని అతుకు ఎక్కడుందో తెలియదు. మార్గం వెదకవలసిన దిక్కును చూపుతుంది, గమ్యాన్ని చూపదు. ఒకే సమస్యకు ఇద్దరు అవధానులు వేర్వేరు పూరణలు చెప్పడం ఇందుకు నిదర్శనం. ఉపాయాన్ని యాంత్రికంగా అన్వయించడమే పూరణ అయితే ఫలితాలూ ఒకే రీతిగా ఉండేవి.

కడియెద్దలో సాగిన శాస్త్రాధ్యయనాన్ని ఈ దృష్టితో వాలస్ చెప్పిన సన్నాహదశగా గుర్తించవచ్చు. అవధానసభలో నిమిషాల్లో జరిగినట్లు కనిపించే దాని వెనుక ఆ ఏళ్లన్నీ ఉన్నాయి.

8. ఆధారాల పరిమితి – పరిశోధనావకాశం

ఈ పోలిక ఎంత ఆకర్షణీయమైనదైనా, దానిని నిరూపించడానికి లభించే చారిత్రక ఆధారాలు పరిమితమైనవి. తిరుపతి వేంకట కవుల శతావధానసారము వంటి ముద్రిత సంపుటాలు పూరణలను భద్రపరిచాయి. పూరణకు ముందు గడిచిన సమయం, విడిచిపెట్టిన ప్రయత్నాలు, తడబాట్లు అచ్చుకెక్కవు. గెలిచిన పద్యమే చరిత్రలో మిగులుతుంది. మనోవిజ్ఞానానికి కావలసినది అది రాకముందు గడిచిన మౌనం.

జంటకవిత్వం మరొక చిక్కును కల్పిస్తుంది. తిరుపతి వేంకట కవులు తమ రచనలను ఉమ్మడి పేరుతోనే ప్రకటించారు. 1920లో తిరుపతిశాస్త్రి మరణించిన తరువాత కూడా వేంకటశాస్త్రి ఆ ఉమ్మడి పేరునే కొనసాగించారు. సౌహార్దానికి అది ఆదర్శం. ఏ స్ఫురణ ఎవరిదో తెలుసుకోగోరే పరిశోధకుడికి మాత్రం అది మూసిన తలుపు.

దృశ్యశ్రవణ మాధ్యమాల కాలంలో ఈ లోపాన్ని తీర్చే అవకాశం కలిగింది. రికార్డు అయిన అవధానాలలో సమస్య ఇచ్చిన క్షణం నుంచి మొదటి పాదం ఆరంభమయ్యే వరకు పట్టిన సమయాన్ని లెక్కించవచ్చు. ఆ సమయం పూరణ మార్గాన్ని బట్టి మారుతుందేమో చూడవచ్చు. ఈ వ్యాసంలోని ప్రతిపాదన నిజమైతే, అతుకు అక్షరం లోపల ఉన్న పదచ్ఛేద సమస్యలకు ఎక్కువ సమయం, అక్షరాల నడుమ ఉన్నవాటికి తక్కువ సమయం పట్టాలి. సందర్భ కల్పనతో తీరేవాటికి అంతకంటే తక్కువ పట్టాలి. అలా జరగకపోతే ప్రతిపాదనను సవరించుకోవాలి. మెట్‌కాఫ్, వీబ్ పద్ధతిని అవధాన విద్యార్థుల శిక్షణలో ప్రయోగించడం కూడా కష్టం కాదు. తెలుగుశాఖ, మనోవిజ్ఞానశాఖ కలిసి చేయదగిన పని ఇది.

9. ముగింపు

నూజివీడులోని మాడభూషి వేంకటాచార్యుల నుంచి నెమలిలో జన్మించిన రాళ్లబండి కవితాప్రసాద్ వరకు కృష్ణాసీమ అవధాన చరిత్ర దాదాపు ఒకటిన్నర శతాబ్దం విస్తరించింది. ఈ కాలమంతటా సభామధ్యంలో, సాక్షుల ఎదుట, నియమబద్ధంగా సమస్యాపరిష్కారం జరుగుతూనే ఉంది. కోలర్, డంకర్ ప్రయోగశాలలో కల్పించుకొన్న పరిస్థితిని తెలుగు సమాజం సాహిత్యవేదికపై సహజంగా పెంచి పోషించింది.

పరిశీలనలో తేలిన అంశాలు ఇవి: సమస్యాపూరణంలోని కీలకచర్య పునర్నిర్మాణం, ధారణ దాని తరువాతిది. పదచ్ఛేదం ముద్ద విచ్ఛేదానికి, పూర్వపాద సంయోగం నిబంధన సడలింపుకు సమాంతరాలు. సందర్భ కల్పనలో ఈ రెండింటి అవసరమూ స్వల్పం. ఆవృత్తుల ఎడం కొన్ని పూరణల్లో గుప్తదశగా, ఎక్కువ పూరణల్లో నిర్ధారణదశగా పనిచేస్తుంది. అభ్యాసం స్ఫురణకు ప్రత్యామ్నాయం కాదు, దాని క్షేత్రం.

అవధానాన్ని జ్ఞాపకశక్తి ప్రదర్శనగా మాత్రమే బోధిస్తే విద్యార్థికి మిగిలేది ఆశ్చర్యం. ఒక సమస్యను చేతికిచ్చి, పూరణ చెప్పకుండా, పదం ఎక్కడ విరుగుతుందో వెదకమంటే వ్యాకరణ తరగతిలోని సంధి ప్రకరణం ఆలోచనా సాధనంగా మారుతుంది. తెలుగు అధ్యాపకుల ముందు ఈ విద్య ఉంచుతున్న అవకాశం అది.